కెటమిన్ సూదా, గోలీలా, కరెంటా? మన దిక్కు మనిషికి ఏది మేలు?

పత్తి ఏరే రోజుల్లో ఒక చెల్లె మా మెడికల్ షాపు ముందు చాలాసేపు నిలబడింది. గిరాకీ తగ్గేదాకా ఆగి, ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టింది. "అన్నా, ఈ సూది నీ దగ్గర ఉంటదా?" అని అడిగింది. అదొక కెటమిన్ వీడియో. ఏళ్లనాటి డిప్రెషన్ ఒక్క సూదితో గంటల్లో పోతుందని అందులో ఎవరో చెబుతున్నారు. ఆమె భర్త పుణెలో సెంట్రింగ్ పనికి పోయి, ఏడు నెలల కింద తిరిగొచ్చాడు. అప్పటి నుంచి రంది పట్టుకుంది. తిండి లేదు, నిద్ర లేదు, పిల్లల్ని దగ్గరికి రానివ్వడు. ఒకసారి డాక్టరుకు చూపించారు, గోలీలు తెచ్చారు. "ఏం ఫరక్ పడలే" అని మానేశారు.

దేవరకొండలో పందొమ్మిదేళ్లుగా షాపు నడుపుతున్నాను. నేను ఫార్మసిస్టును, డాక్టరును కాను. అయినా ఈ ప్రశ్న ఈ ఏడాది నన్ను అడిగిన మూడో మనిషి ఆమె. కెటమిన్ మంచిదా అని ఎవరూ అడగడం లేదు, ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. అందుకే రాయాలనిపించింది.

ఆ సూది నా దగ్గర లేదు. కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు. అమ్మాలంటే వేరే లైసెన్సు ఉండాలి, తాళం వేసిన అల్మారా ఉండాలి, రిజిస్టర్ రాయాలి. డాక్టరు చీటీ రెండు ప్రతులు రాయాలి, అందులో ఒకటి రెండేళ్లు షాపులోనే ఉండాలి. మత్తు పదార్థాల చట్టం కింద కూడా దాని మీద కన్ను ఉంటుంది. ఎవరైనా ఇదంతా లేకుండా "నేను తెప్పిస్తా, ఇంట్లోనే వేసుకోండి" అంటే, వెనక్కి తిరిగి వచ్చేయండి.

అట్లని అది కొత్త మందూ కాదు, వింత మందూ కాదు. 1962లో అమెరికాలో కాల్విన్ స్టీవెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త తయారు చేశాడు. 1970లో అక్కడ ఆపరేషన్ మత్తుకు అనుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మామూలు మోతాదులో ఊపిరిని పెద్దగా అణచదు, బీపీ పడిపోనివ్వదు. అందుకే పెద్ద మెషిన్లు లేని చోట్ల మత్తు డాక్టర్లకు అది చేతికర్ర లాంటిది. చెయ్యి విరిగిన పిల్లవాడికి ఎముక సరిచేసేటప్పుడు ఇచ్చిన మత్తు సూది అదే అయి ఉండొచ్చు.

దిగులుకు వాడటం మాత్రం కొత్త. 2000లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏడుగురి మీద చేసిన చిన్న పరీక్షతో మొదలైంది. 2006లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు, ఏ గోలీకీ లొంగని డిప్రెషన్ ఒక్క రోజులో తేలికపడటం చూపించారు. 2019లో దాని తోబుట్టువు ఎస్కెటమిన్‌కు ముక్కులో కొట్టుకునే స్ప్రేగా అక్కడ అనుమతి వచ్చింది. నరానికి ఎక్కించే కెటమిన్‌కు మాత్రం అక్కడ కూడా అనుమతి ఈనాటికీ మత్తు కోసమే. దిగులుకు ఇచ్చే డాక్టరు తన అనుభవం మీద, తన బాధ్యత మీద ఇస్తాడు. తప్పేం కాదు, కానీ మనకు తెలిసి ఉండాలి.

వాడే పద్ధతి ఇది. కిలో బరువుకు అర మిల్లీగ్రాము లెక్కన, 40 నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కిస్తారు. 60 కిలోల మనిషికి 30 మిల్లీగ్రాములు. ఆపరేషన్ మత్తుకు దీనికి రెండింతలో నాలుగింతలో పడుతుంది. ఎక్కుతున్నంతసేపు ఒళ్లు తనది కానట్టు, తాను పక్కన నిలబడి చూస్తున్నట్టు అనిపిస్తుంది. కొందరికి అది హాయి, కొందరికి భయం. బీపీ పెరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. గంటా రెండు గంటల్లో ఇవన్నీ దిగిపోతాయి. దిగులు తగ్గడం కొన్ని గంటల నుంచి ఒక రోజు లోపు తెలుస్తుంది. వీడియోలు ఇక్కడికే ఆగిపోతాయి. ఒక్క సూది పనితనం చాలామందిలో వారం లోపే పలుచబడుతుంది. అందుకే ఇది ఒక్క సూదితో తీరే వ్యవహారం కాదు.

గోలీలతో పోలిస్తే

వేగంలో గోలీ ఓడిపోతుంది, అందులో అనుమానం లేదు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి పని చూపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తేలడానికి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి, కొంచెం గాబరా ముందు వస్తాయి, మేలు వెనక వస్తుంది. మనవాళ్లు సరిగ్గా ఆ మధ్యలో ఆపేస్తారు. పది గోలీల స్ట్రిప్ అయిపోయాక మళ్లీ రానివాళ్లను నేను లెక్కపెట్టడం మానేశాను.

గోలీల మీద ఇంకో భయం, అలవాటు పడిపోతామేమోనని. అది నిద్ర గోలీల సంగతి. అల్ప్రజోలాం, క్లోనజెపాం అలవాటు చేస్తాయి. దిగులు గోలీలు ఆ జాతివి కావు. ఒక్కసారిగా మానితే తల తిరగడం, చిరాకు ఉంటాయి కాబట్టి మెల్లగా తగ్గించాలి, అంతే. బాగైన తర్వాత కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటారు, మళ్లీ తిరగబెట్టకుండా.

కెటమిన్ మాట రావాలంటే ముందు దాటాల్సిన గడప ఒకటుంది. రెండు వేర్వేరు గోలీలు, సరైన మోతాదులో, సరైన కాలం వాడినా తగ్గకపోతేనే దాన్ని గోలీలకు లొంగని డిప్రెషన్ అంటారు. పది రోజులు వాడి మానేసిన గోలీ ఈ లెక్కలోకి రాదు. ఆ చెల్లెను అడిగితే ఇంట్లో మిగిలిన స్ట్రిప్‌లు తెచ్చింది. పన్నెండు గోలీలే ఖర్చయ్యాయి.

కరెంటుతో పోలిస్తే

ఇక్కడే పోటీ గట్టిది. తలకు కొద్దిగా కరెంటు ఇచ్చే వైద్యాన్ని ఈసీటీ అంటారు. మన దిక్కున ఆ పేరు ఎవరికీ అర్థం కాదు, "కరెంటు పెట్టుడు" అంటే మాత్రం ఇల్లంతా ఏడుపు. మానసిక ఆస్పత్రి ఉన్న హైదరాబాద్ ఎర్రగడ్డ పేరునే మనం తిట్టుగా వాడుకుంటున్నాం కదా. సినిమాల్లో చూపించినట్టు మనిషిని కట్టేసి, మెలకువగా ఉండగానే కరెంటు ఇవ్వడం ఇప్పుడు చట్టవిరుద్ధం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలే మందు లేకుండా ఈసీటీ ఇవ్వకూడదు. మనిషి పడుకుంటాడు, లేస్తాడు. నడుమ జరిగింది తెలియదు. మామూలుగా ఆరు నుంచి పన్నెండు సార్లు ఇస్తారు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పెద్ద పరీక్షలు ఉన్నాయి. 2023లో అమెరికాలో వచ్చిన దానిలో కెటమిన్ తీసుకున్నవాళ్లలో 55 శాతం, ఈసీటీ తీసుకున్నవాళ్లలో 41 శాతం మందికి మేలు కనిపించింది. దీన్ని పట్టుకుని కెటమిన్ గెలిచిందన్నారు. అంతకు ముందే స్వీడన్‌లో చేసిన దానిలో తిరగబడింది: ఈసీటీతో 63 శాతం మందికి, కెటమిన్‌తో 46 శాతం మందికి జబ్బు పూర్తిగా నెమ్మదించింది. రెండూ నిజమే, వచ్చిన పేషెంట్లు వేరు. అమెరికా పరీక్షలో ఎక్కువమంది ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్లు, భ్రమలు ఉన్నవాళ్లను అసలు తీసుకోలేదు. స్వీడన్ వాళ్లంతా ఆస్పత్రిలో చేరిన గట్టి కేసులు. అక్కడ వయసు పైబడినవాళ్లకు ఈసీటీయే బాగా పనిచేసింది. ఇంకో మాట: స్వీడన్‌లో బాగైనవాళ్లలో ఏడాది లోపు రెండు వైపులా సగానికి పైగా మందికి జబ్బు తిరగబెట్టింది.

నష్టాలు కూడా ఒకే రకం కావు. ఈసీటీతో కొన్ని వారాల మతిమరుపు ఉంటుంది. కొందరికి ఆ రోజుల జ్ఞాపకాలు కొన్ని తిరిగిరావు. దాన్ని చిన్నది చేసి చెప్పడం నాకిష్టం లేదు. కెటమిన్‌లో ఆ బాధ తక్కువ. కానీ అలవాటయ్యే గుణం దానిలో ఉంది. మత్తు కోసం రోజూ వాడేవాళ్లలో మూత్రాశయం పాడవుతుంది, గంటకోసారి రక్తంతో మూత్రానికి పరుగెత్తాల్సి వస్తుంది. వైద్యానికి ఇచ్చే కొంచెం మోతాదులో అంత ఉండదు గానీ, నెలల తరబడి సాగితే డాక్టరు అడుగుతూ ఉండాలి.

నా అభిప్రాయం అడిగితే: తిండీ నీళ్లూ మానేసిన మనిషి, బొమ్మలా బిగుసుకుపోయిన మనిషి, చెవిలో మాటలు వినిపిస్తున్నాయనే మనిషి, పెద్ద వయసు మనిషి అయితే ఈసీటీ అనగానే పారిపోవద్దు. కెటమిన్ కోసం వెతుకుతూ రోజులు పోగొట్టవద్దు. భ్రమలు లేకుండా, రెండు గోలీలు పూర్తిగా వాడి, మతిమరుపు వస్తే పని పోతుందని భయపడే మనిషికి కెటమిన్ గురించి అడగడం న్యాయమే.

తలకు అయస్కాంతం పెట్టే టీఎంఎస్ అని మరొకటి ఉంది. మత్తు అక్కర్లేదు. కానీ వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు పోవాలి. హైదరాబాదులో ఇల్లు ఉన్నవాళ్ల సంగతి అది.

బస్సు లెక్క

కెటమిన్ సాధారణంగా వారానికి రెండుసార్లు, మూడు నాలుగు వారాలు. అంటే ఆరు నుంచి ఎనిమిది సార్లు. తర్వాత వారానికో, రెండు వారాలకో ఒకటి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు, పోనూ రానూ 200. సూది అయ్యాక కనీసం రెండు గంటలు అక్కడే ఉంచాలి, మర్నాటి దాకా బండి నడపకూడదు. కాబట్టి ప్రతిసారీ తోడు మనిషి కావాలి, ఇద్దరి కూలీ పోతుంది. కెటమిన్ సీసా ఖరీదైంది కాదు. ఖర్చంతా గది, మానిటర్, మనుషులు, ప్రయాణం. బిల్లు అడిగేటప్పుడు ఒక్క సూది ధర అడగొద్దు, నాలుగు నెలలకు ఎంతవుతుందో అడగండి. నాలుగో సూది దగ్గర డబ్బులైపోయి ఆగిపోతే, తేలికపడిన మనిషి మళ్లీ కిందికి జారిపోతాడు. ఆ జారడం ముందటికంటే ప్రమాదం.

గోలీలకు ఈ తిప్పలు లేవు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, అన్నిచోట్లా ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మానసిక డాక్టరు ఓపీ అక్కడే చూపించుకోవచ్చు.

కల్లు మాట దాచొద్దు

వీడియోల్లో దొరకని సంగతి, మన జిల్లాలకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. చెట్టు కల్లు వేరు, దుకాణం కల్లు వేరు. దుకాణం కల్లులో అల్ప్రజోలాం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూసిన వారంలోనే ఎర్రగడ్డ ఆస్పత్రి ముందు ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో జనం బారులు తీరింది అందుకే.

రోజూ రెండు సీసాలు తాగే మనిషి, తనకు తెలియకుండానే రోజూ నిద్ర గోలీలు మింగుతున్నట్టు. ఆ మందు ఒంట్లో ఉంటే కెటమిన్ పనితనం తగ్గుతుందని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. ఈసీటీకి కావాల్సింది మెదడులో చిన్న ఫిట్, ఆ మందు సరిగ్గా దాన్నే అడ్డుకుంటుంది. పైగా మత్తు మీద మత్తు పడితే ఊపిరికి ప్రమాదం. ఇక డాక్టరుకు భయపడి ముందు రోజు కల్లు టక్కున మానేస్తే ఫిట్స్ రావొచ్చు. అన్ని వైపులా చిక్కే. విప్పే దారి ఒకటే, ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి అన్నది ముందే చెప్పడం. డాక్టరు మెల్లగా దించుతాడు. "తాగుతవా?" అంటే "లేదు" అనడం మనకు మర్యాద. "కల్లు ఎన్ని సీసలు?" అని అడిగితేనే నిజం వస్తుంది. డాక్టర్లు కూడా ఇట్లా అడిగితే బాగుండు.

కెటమిన్‌కు అసలే పనికిరానివాళ్లు కొందరున్నారు. అదుపులో లేని బీపీ, మెదడులో రక్తస్రావం అయినవాళ్లు, రక్తనాళం ఉబ్బి బుడగలా అయినవాళ్లు, భ్రమల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు. పోయినచోట బీపీ చూడకుండా, మత్తు డాక్టరు పక్కన లేకుండా, పాత చీటీలు అడగకుండా సూది మాట ఎత్తితే లేచి రండి. 2023లో అమెరికా నటుడు మాథ్యూ పెర్రీ చనిపోయినప్పుడు కెటమిన్ పేరు ప్రపంచమంతా మోగింది. ఆయన డాక్టర్ల దగ్గర ఈ వైద్యం తీసుకున్న మాట నిజమే. ప్రాణం తీసింది మాత్రం ఆ వైద్యం కాదు, బయట సంపాదించి ఇంట్లో వేయించుకున్నది.

ఇంట్లో మనిషి "ఇంక ఉండను" అంటున్నాడంటే ఈ పోలికలన్నీ పక్కన పెట్టండి. పత్తి మందు డబ్బాలు అవతలి ఇంట్లో దాచండి, మనిషిని ఒంటరిగా వదలొద్దు, అదే రోజు దవాఖానకు తీసుకుపోండి. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆ చెల్లె భర్తను నల్లగొండ తీసుకుపోయింది. డాక్టరు గోలీ మళ్లీ మొదటి నుంచి పెట్టి, రెండో వారంలో మోతాదు పెంచాడు. ఆయనకూ కల్లు అలవాటే, దానికి వేరే మందిచ్చి మెల్లగా దించుతున్నాడు. మూడో వారం స్ట్రిప్ కోసం మొన్న వచ్చింది.

"ఫరక్ ఉన్నదా?" అన్నాను.

"ఏమో అన్నా," అంది చిల్లర కొంగుకు కట్టుకుంటూ. "నిన్న రాత్రి మాత్రం ఇంకో రొట్టె ఎయ్యమన్నడు."