పాపాత్మురాలి ముందు క్రీస్తు: సెమిరాడ్‌స్కీ, పొలెనోవ్

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియంలో దాదాపు ఒకే పేరున్న రెండు పెద్ద చిత్రాలున్నాయి. పోలిష్ చిత్రకారుడు హెన్రిక్ సెమిరాడ్‌స్కీ 1873లో రోమ్‌లో వేసినది ఒకటి. రష్యన్ చిత్రకారుడు వసీలీ పొలెనోవ్ 1880ల చివర్లో ముగించినది రెండోది, ఆరు మీటర్లకు పైగా వెడల్పు.

సెమిరాడ్‌స్కీ కథ నేరుగా సువార్తది కాదు, రష్యన్ కవి అలెక్సీ టాల్‌స్టాయ్ కవితలోది. విందులో గర్వంగా మాట్లాడిన స్త్రీ క్రీస్తును చూడగానే చేతిలోని పాత్ర జారవిడుస్తుంది. చెట్ల ఆకుల సందుల్లోంచి జారిన ఎండ గోడల మీద, బట్టల మీద మచ్చలు మచ్చలుగా పడే తీరు అద్భుతం. కానీ చూపంతా ఆ వెలుగే లాగేసుకుంటుంది. క్రీస్తు ముఖం నాకు గుర్తుండదు.

పొలెనోవ్‌ది యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయం, వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని రాళ్లతో కొట్టాలని గుంపు క్రీస్తు ముందుకు తెచ్చిన కథ. 1881-82లో ఈజిప్టు, సిరియా, పాలస్తీనా తిరిగి, అక్కడి మనుషుల్నీ, కట్టడాల్నీ, ఎండనీ చూసి వచ్చి వేశాడు. గుంపు ఆమెను ఈడ్చుకొస్తోంది. క్రీస్తు నిలబడలేదు, తలచుట్టూ కాంతివలయం లేదు. నడిచి అలసిన బాటసారిలా కూర్చుని, అరుస్తున్నవాళ్ల వైపు ప్రశాంతంగా చూస్తున్నాడు. "మీలో పాపము లేనివాడు" మొదట రాయి వేయాలన్న మాట ఇంకా పలకలేదు. ఆ ఉత్కంఠే చిత్రానికి ప్రాణం. పొలెనోవ్ పెట్టాలనుకున్న పేరు కూడా ఆ మాటలోంచే వచ్చింది, సెన్సారు ఒప్పుకోలేదు.

రంగుల పనితనం నేర్చుకోవాలనుకునే విద్యార్థికి సెమిరాడ్‌స్కీని చూపిస్తాను. సువార్తలోని ఆ స్త్రీ భయం తెలియాలంటే మాత్రం పొలెనోవ్ దగ్గరికే వెళ్లాలి.