కోనసీమలో మూడు రాత్రులు, మా వారి కడుపు

కోనసీమలో బసలు ఎలా ఉన్నాయని అడిగినవాళ్లకు ముందుగా రాత్రి భోజనం ఎన్నింటికి పెట్టారో చెబుతున్నాను. గది అందం ఆ తర్వాతే. ఇంటర్ పిల్లలకు 20 ఏళ్లు జంతుశాస్త్రం చెప్పిన అలవాటు అనుకోండి.

రాజమండ్రిలో దిగి ధవళేశ్వరం మీదుగా ఆత్రేయపురం వెళ్లాం. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని పూతరేకు తీయడం చూశాం. బోర్లించిన కుండ, లోపల ఎండు కొబ్బరాకుల మంట. పల్చని బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్కసారి అలా ఆడించి తీస్తారు. చుయ్‌మన్న చప్పుడు ఆగేలోపే రేకు ఆరిపోతుంది, అంచు పట్టుకుంటే ఊడి చేతికి వస్తుంది. మా వారు నిలబడే నాలుగు తిన్నారు. ‘నోట్లోనే అరిగిపోతోంది, ఇక కడుపుకు పనేముంది?’ అన్నారు. కరగడం వేరు, అరగడం వేరు. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము బియ్యప్పిండి పని నోట్లోనే మొదలుపెడుతుంది. కానీ పంచదారను విడగొట్టేది చిన్నపేగు గోడ. నెయ్యి సంగతి తేలాలంటే కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి ఎంజైములు రావాలి.

దారిలో లొల్ల లాకుల దగ్గర కాసేపు ఆగాం. చెట్ల నీడ, నీళ్ల హోరు, ఊరికే కూర్చోవడానికి మంచి చోటు. జీర్ణాశయం చివర కూడా ఒక లాకు ఉంటుంది, తిన్నదంతా ఒకేసారి వదలదు, కొద్దికొద్దిగా చిన్నపేగులోకి దింపుతుంది అన్నాను. మా వారు వినలేదు.

మొదటి రాత్రి నది ఒడ్డున ఒక రిసార్టు. గదికి, వరండాకు, నీళ్ల మీది వెన్నెలకు వంక పెట్టలేం. ఎనిమిదింటికి చెప్పిన భోజనం మాత్రం పదింటికి వచ్చింది. రొయ్యల వేపుడు, నెయ్యి ఓడుతున్న బిర్యానీ. పదిన్నరకల్లా పడక. ఒంటిగంటకు ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు అంటూ ఆయన లేచి కూర్చున్నారు. చిన్నపేగుకు కొవ్వు తగలగానే జీర్ణాశయం చివరి లాకు బిగించమని కబురు వెళుతుంది, దాంతో కడుపు నిండుగానే ఉండిపోతుంది. అప్పుడు వెల్లకిలా పడుకుంటే ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. ఆఫీసులో ఫోను ఎవరూ ఎత్తలేదు. గేటు దగ్గరి వాచ్‌మన్ మాత్రం సంగతి విని, మంచం తలవైపు కోళ్ల కింద చెరో ఇటుక పెట్టి వెళ్లాడు. ఆ రిసార్టులో నాకు నచ్చిన సేవ అదొక్కటే.

మర్నాడు అంబాజీపేటలో పొట్టిక్కలు. పనసాకు బుట్టలో ఉడికిన ఇడ్లీ, ఆకు విప్పితే ఆ వాసనే వేరు. రాత్రంతా పులిసిన పిండి కాబట్టి అరిగించే పని కొంత సూక్ష్మజీవులే ముందుగా చేసిపెట్టాయి. మా వారు బుద్ధిగా నమిలి తిన్నారు.

రెండో బస కాలువ గట్టున ఒక పెంకుటిల్లు. ఏసీ లేదు, దోమలున్నాయి, స్నానాల గది పెరట్లో. కానీ ఏడింటికల్లా ఆనపకాయ కూర, చారు, మజ్జిగ. తిన్నాక గట్టు మీద నడుస్తుంటే, ఈసారి శివారు పొలాలకు నీళ్లు ఎంత అందాయో ఇంటాయన చెబుతున్నారు. కాలువ నీళ్లు శివారుదాకా చేరాలని చూస్తాం, చిన్నపేగు తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం. మనం తాగేది, లోపల ఊరేది కలిపి రోజుకు 8, 9 లీటర్లు దానిలోకి వస్తే చాలామటుకు తనే పీల్చేసుకుని, శివారున ఉన్న పెద్దపేగుకు లీటరున్నర లోపే వదులుతుంది. అక్కడే మరో రాత్రి ఉండిపోయాం. దోమతెర మాత్రం మీరే తీసుకెళ్లండి.

చివరిరోజు అంతర్వేది చూసుకుని, గోదావరి దాటి నరసాపురం వెళ్లడానికి సఖినేటిపల్లి రేవుకు వచ్చాం. ఆ పక్కనే వేడివేడి పెసరట్టు తిన్నాం. కడుపు సాగగానే పెద్దపేగు కదలడం ప్రకృతి ధర్మం. రేవు దాటించే పంటు ఎక్కబోతూ మా వారు ఆగి, మరుగుదొడ్డి ఎటువైపో ఒకతన్ని అడిగారు. అతను చాలా దూరం చూపించాడు. ఆ పంటు మేము లేకుండానే వెళ్లిపోయింది.