ఫస్ట్ ర్యాంకు పోర్ట్ వైన్ లండన్ నుంచి తెప్పించుకుంటే ఏమైందంటే

మన హైదరాబాద్‌లో "వైన్స్" అని బోర్డున్న షాపుకెళ్లి నిజంగానే వైన్ అడిగి చూడండి. కౌంటర్ దగ్గర కుర్రాడు మనల్ని ఒకసారి ఎగాదిగా చూసి, లోపల ఏ మూలనో ఉన్న సీసా దుమ్ము తుడిచి తెస్తాడు. పోర్ట్ అడిగితే గోవాలో చేసే తియ్యటి ఎర్ర వైన్ చేతిలో పెడతాడు. దాని మీద పోర్ట్ అనే రాసుంటుంది, కానీ అసలు పోర్ట్ పోర్చుగల్‌లో డోరో లోయది. ద్రాక్షరసం పులుస్తుండగానే మధ్యలో 77 శాతం ఘాటున్న ద్రాక్ష సారా పోసి పులియడం ఆపేస్తారు. అందుకే తీపి మిగిలిపోతుంది, ఆల్కహాల్ కూడా 20 శాతం దాకా ఉంటుంది. పెద్ద షాపుల్లో అసలుది దొరుకుతుంది గానీ, దిగుమతి వైన్ మీద భారీ సుంకం, దాని మీద రాష్ట్రం పన్ను కలిపి రేటు చూస్తే తాగకముందే దిగిపోతుంది. పోయినేడాది నేను ఒకటి కొన్నాను, షాపు పేరెందుకులెండి, అద్దాల షెల్ఫ్‌లో ఎండ తగిలేలా నిలబెట్టిన సీసా అది. చింతపండు రసంలా ఉంది.

ఈసారి తెలివిగా కొందామని బ్రిటన్ వినియోగదారుల పత్రికల లిస్టులు చదవడం మొదలుపెట్టాను. క్రిస్మస్ ముందు ఇవి పోర్ట్‌లకు మార్కులేస్తాయి. వాటిలో పెద్దది విచ్ (Which?), 1957 నుంచి వస్తోంది, ప్రకటనలు వేసుకోదు, చందాలు కట్టే పాఠకులే దానికి ముఖ్య ఆధారం. వాషింగ్ మెషీన్‌ను ఎలా పరీక్షిస్తారో వైన్‌ను కూడా అలాగే, లేబుల్ కనపడకుండా దాచి, తెలిసినవాళ్లతో రుచి చూపించి మార్కులేసి, బాగున్నవాటికి బెస్ట్ బై అని ముద్ర వేస్తారు. ఈ పద్ధతి నాకు నచ్చింది. వైన్ పోటీల్లో అయితే సీసా పంపే కంపెనీయే ఎంట్రీ ఫీజు కట్టుకుంటుంది, పతకం వస్తే సీసా మీద అంటించుకుంటుంది. ఇక్కడ మార్కుల పక్కనే ధర ఉంటుంది, మూడొందల ఏళ్ల నాటి కంపెనీ సీసా పక్కనే సూపర్ మార్కెట్ సొంత పేరుతో అమ్మే సీసా కూడా నిలబడుతుంది, ఒక్కోసారి అదే గెలుస్తుంది కూడా. వింతేం లేదు, సూపర్ మార్కెట్‌కు ద్రాక్షతోటలు ఉండవు కదా, ఆ సీసాలు నింపి ఇచ్చేది చాలాసార్లు పోర్చుగల్‌లోని పేరున్న కంపెనీలే.

ఒక్క చోట మాత్రం నాకు తేడా కొట్టింది. కొన్ని పరీక్షలకు ఒక్కో సూపర్ మార్కెట్‌ను మీరే ఒక సీసా ఎంచి పంపండి అంటారట. ఇది టీవీలో మన కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ప్రకటన లాంటిదే, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని గుక్క తిప్పుకోకుండా చదువుతారే, అది. కాలేజీ టాపర్‌ను చూపిస్తుంది, మనవాడు చేరేది వేరే సెక్షన్‌లో.

సరే, లండన్‌లో ఉండే మా బావమరిది మే నెలలో వస్తుంటే లిస్టు పంపాను. శంషాబాద్‌లో దిగేవాళ్లు తలకు 2 లీటర్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే, మూడోది పెడితే 2.25 లీటర్లయి కస్టమ్స్ వాళ్లతో టెన్షన్. ఒకటి లిస్టులో ఫస్ట్ వచ్చిన ఎల్‌బీవీ, అంటే లేట్ బాటిల్డ్ వింటేజ్, ఒకే ఏడాది పంటతో చేసి 4 నుంచి 6 ఏళ్లు ఆగి సీసాలో పోసేది. రెండోది అదే లిస్టులో ఎక్కడో కిందున్న పదేళ్ల టానీ, చెక్క పీపాల్లో నానుతూ ఎరుపు పోయి గోధుమరంగుకొచ్చేది. ఈ పదేళ్లు కచ్చితమైన వయసు కాదండోయ్, రకరకాల ఏళ్లవి కలిపి పదేళ్ల రుచి తెప్పిస్తారు. అక్కడ సర్కారు తరఫున రుచి చూసే బృందం సరే అంటేనే ఆ అంకె వేసుకోవాలి.

ఇంట్లో మేమూ గుడ్డి పరీక్ష పెట్టాం. సీసాలకు న్యూస్ పేపర్ చుట్టి, నేను, మా ఆవిడ, బావమరిది, కింద ఫ్లాట్ అంకుల్. ఎల్‌బీవీ ఒక గుక్క తాగి మా ఆవిడ "ఏంటండీ ఇది, దగ్గు మందులా ఉంది" అంది. అంకుల్ మర్యాదస్తుడు, ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టారు. టానీ మాత్రం అందరికీ దిగింది. పత్రికలో బ్లాక్ కరెంట్ పండు, క్రిస్మస్ కేక్ అని ఏవేవో రుచులు రాశారు గానీ, మాకు తగిలింది ఎండు ఖర్జూరం, కాస్త బెల్లం పాకం, వేయించిన జీడిపప్పు. ఉస్మానియా బిస్కెట్‌తో బాగుంది, ఖుబానీ కా మీఠాతో అయితే ఇంకా.

తప్పు పత్రికది అని వెంటనే అనలేను, సగం తప్పు మాదే. ఎల్‌బీవీని 16, 18 డిగ్రీల దగ్గర తాగాలి. మేము మే నెలలో అల్మారాలోంచి తీసి అలాగే పోశాం, మా హాల్లో అప్పుడు 36. వేడెక్కితే ఆ సారా ఘాటంతా ముందుకొస్తుంది. మర్నాడు ఫ్రిజ్‌లో పెట్టి తాగితే అదే సీసా నేరేడుపండు వాసనతో చక్కగా ఉంది, బావమరిది మొహం వెలిగింది.

కానీ అసలు గొడవ తర్వాతి వారాల్లో మొదలైంది. నేను, మా ఆవిడ శనివారం రాత్రి తలా 50 మిల్లీలీటర్లు తాగేవాళ్లం, 20 శాతం సరుకు కాబట్టి మామూలు వైన్‌లా గ్లాసు నిండా పోసుకోకూడదు. ఆ లెక్కన ఒక సీసా ఏడు వారాలు పైనే వస్తుంది. ఎల్‌బీవీ మూత తీశాక అంతకాలం ఆగదు, మూడో వారం దాటేసరికి ఆ పండు వాసనంతా పోయి చప్పగా తయారైంది. టానీ మాత్రం ఫ్రిజ్‌లో నెలన్నర తర్వాత కూడా అలాగే ఉంది. పీపాలో ఏళ్ల తరబడి గాలి తగిలే పెరిగింది కదా, కొత్తగా గాలి తగిలినా పెద్దగా మారదు. లండన్‌లో క్రిస్మస్ పూట పదిమంది కూర్చుని ఒక్క రాత్రిలో ఖాళీ చేసేవాళ్లకు ఈ తేడాతో పనిలేదు, అందుకే లిస్టులో మార్కులున్నాయి, ధర ఉంది, ఏ చీజ్‌తో తినాలో ఉంది, మూత తీశాక ఎన్నాళ్లుంటుందో చెప్పే గడి మాత్రం లేదు. నాకు కావలసింది ఆ గడే. నేను చూసిన లిస్టుకు ఐదుకు మూడు స్టార్లు ఇస్తాను, లేబుల్ దాచి రుచి చూసే నిజాయితీకి రెండు, ధర పక్కనే వేసినందుకు ఒకటి.

ఇంకోటి. మూత చూసి కొనండి. పైన ప్లాస్టిక్ టోపీ ఉండి చేత్తో తిప్పితే ఊడొచ్చే బిరడా అయితే తాగడానికి సిద్ధంగా ఉన్నదని అర్థం. మామూలు వైన్‌కు ఉన్నట్టు లోపలికి దించిన పొడుగు బిరడా అయితే అడుగున మడ్డి ఉండొచ్చు, వడకట్టుకోవాలి.

బావమరిది సంక్రాంతికి మళ్లీ వస్తున్నాడు. "పదేళ్ల టానీ, ఏ కంపెనీదైనా సరే, రెండు" అని మెసేజ్ పెట్టాను. "ర్యాంకు ఎంతది తేవాలి బావా?" అని అడిగాడు.