ఆవిరితో బిట్యుమెన్ తీయడం: పదహారేళ్ల వాడకం తర్వాత

భూమిలోంచి తీసిన రాతి నమూనాలు దాచే కోర్ షెడ్డులో బిట్యుమెన్ (తారులాంటి చిక్కటి ముడి నూనె) నిండిన ఇసుకను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు అందులో నూనె ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. చలికి గడ్డకట్టిన తారుముద్దలా ఉంది. వేలితో నొక్కితే లొంగలేదు. కాసేపు గుప్పిట్లో పట్టుకున్నాక అంచులు మెత్తబడి అరచేతికి నల్లగా అంటుకుంది. కెనడాలోని ఆల్బర్టాలో ఆ తర్వాత నేను చేసిన పనంతా ఆ గుప్పిట వేడిని కొన్ని వందల మీటర్ల లోతుకు పంపడమే. ఐదేళ్లు ఒక పద్ధతితో, పదకొండేళ్లు మరో పద్ధతితో పనిచేశాను. రెండింటి గురించీ నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లకు పాఠ్యపుస్తకం చెప్పే దానికన్నా ఇది కొంచెం ఎక్కువ ఉపయోగపడాలని నా కోరిక.

ఆల్బర్టాలోని అథబాస్కా ప్రాంతపు ఇసుక పొరలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. ఆ చలిలో బిట్యుమెన్ చిక్కదనం పది లక్షల సెంటీపాయిజులు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) దాటుతుంది. నీటిది ఒకటి. అదే బిట్యుమెన్‌ను 200 డిగ్రీలు దాటిస్తే చిక్కదనం పదికి అటూ ఇటూగా పడిపోతుంది. లక్ష రెట్లు తగ్గిందన్నమాట. ఆల్బర్టా నిల్వల్లో దాదాపు 80 శాతం పైనుంచి తవ్వి తీయలేనంత లోతున ఉన్నాయి కాబట్టి వేడినే కిందికి తీసుకెళ్లాలి. ఆ వేడిని మోయడానికి ఆవిరిని మించిన కూలీ ఇంతవరకు దొరకలేదు.

మొదటి ఐదేళ్లు నేను పనిచేసింది విడతల పద్ధతితో. దీని ఇంగ్లీషు పేరు సైక్లిక్ స్టీమ్ స్టిమ్యులేషన్, మేం సీఎస్‌ఎస్ అనేవాళ్లం. ఒకే బావిలోకి కొన్ని వారాలపాటు ఆవిరి ఎక్కిస్తారు, కొంతకాలం మూసి నాననిస్తారు, తర్వాత అదే బావి నుంచి నూనె తోడతారు. దిగుబడి పడిపోయాక మళ్లీ ఆవిరి. ఇది కనిపెట్టిన తీరు నాకు చాలా ఇష్టం. 1959లో వెనిజులాలోని మెనె గ్రాండె దగ్గర ఆవిరితో నూనెను ఒక బావి నుంచి మరో బావికి నెట్టే ప్రయోగం జరుగుతుండగా నేల చీలి ఆవిరి పైకి తన్నింది. ఒత్తిడి తగ్గించడానికి ఆవిరి ఎక్కిస్తున్న బావినే తెరిస్తే అందులోంచి నూనె ధారాళంగా వచ్చింది. ఆల్బర్టాలోని కోల్డ్ లేక్‌లో 1985 నుంచి ఇదే పద్ధతి వాణిజ్య స్థాయిలో నడుస్తోంది.

సీఎస్‌ఎస్‌లో నాకు నచ్చింది తొందరగా ఫలితం చూపించడం. మొదటి విడతలోనే బావి ఏ పాటిదో తెలిసిపోతుంది. ఇసుక మధ్య షేల్ (గట్టిపడిన బంకమట్టి రాయి) పొరలు అడ్డంగా ఉన్నా, 300 డిగ్రీలు దాటిన ఆవిరిని పొర చీలేంత ఒత్తిడితో పంపుతాం కాబట్టి అది దారి చేసుకుంటుంది. నచ్చనిది కేసింగ్, అంటే బావి గోడకు సిమెంటుతో బిగించిన ఉక్కు గొట్టం, పడే యాతన. ప్రతి విడతలోనూ ఆ గొట్టం వందల డిగ్రీలు వేడెక్కి సాగాలనుకుంటుంది, సిమెంటు సాగనివ్వదు. చల్లారినప్పుడు కుంచించుకోవాలనుకుంటుంది, అప్పుడూ సిమెంటు వదలదు. పది విడతలు దాటిన బావుల్లో గొట్టాల అతుకుల దగ్గర లీకులు వెతకడానికే నా సమయంలో మూడో వంతు పోయేది. పైగా విడత విడతకూ వచ్చే నూనె తగ్గుతుంది, ఆవిరి ఖర్చు పెరుగుతుంది. పొరలో ఉన్న నూనెలో పావు నుంచి మూడో వంతు వరకు తీసి ఆగిపోతే, మిగిలిన దాన్ని తలచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఆ తర్వాత శాగ్‌డీకి (స్టీమ్ అసిస్టెడ్ గ్రావిటీ డ్రైనేజ్) మారాను. ఆవిరితో కరిగించి, గురుత్వాకర్షణతో కిందికి పారించే పద్ధతి ఇది. రోజర్ బట్లర్ అనే ఇంజనీరు 1970ల చివర్లో దీనికి రూపం ఇచ్చారు. ఇసుక పొర అడుగున రెండు అడ్డబావులు, ఒకదానిపై ఒకటి, మధ్య ఐదు మీటర్ల ఎడం, పొడవు 500 నుంచి 1000 మీటర్లు. పై బావిలోంచి ఆవిరి వెళ్తుంది. అది పైకి లేచి, చల్లని బిట్యుమెన్ గోడను తాకి, నీరుగా మారుతూ తన గుప్తోష్ణాన్ని (ఆవిరి నీరుగా మారేటప్పుడు విడిచే వేడిని) ఆ గోడకు ఇచ్చేస్తుంది. కరిగిన బిట్యుమెన్, వేడినీరు కలిసి అంచు వెంట జారి కింది బావిలోకి చేరతాయి. ఖాళీ అయిన చోట మళ్లీ ఆవిరి. ఏళ్లు గడిచేకొద్దీ భూగర్భంలో ఆవిరి గది ఒకటి పైకీ పక్కలకీ పెరుగుతుంది. ఇక్కడ నూనెను ఎవరూ నెట్టరు. అది తన బరువుతో తానే దిగుతుంది.

1980ల్లో దీన్ని నిరూపించిన తీరు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. నేల పైనుంచి అంత కచ్చితంగా అడ్డబావులు తవ్వే నైపుణ్యం అప్పటికి లేదు. అందుకని ఫోర్ట్ మెక్‌ముర్రే దగ్గర ఇసుక పొర కిందనున్న సున్నపురాయిలోకి గనిలా షాఫ్టులు దించి, సొరంగాలు చేసి, అక్కడి నుంచి పైకి తిప్పి బావులు తవ్వారు. 1987లో మొదలైన ఆ మూడు జతల బావులు సిద్ధాంతం చెప్పినట్లే నడిచాయి. 2001లో ఫోస్టర్ క్రీక్‌లో తొలి వాణిజ్య ప్రాజెక్టు మొదలైంది.

శాగ్‌డీ వాడకంలో మొదటి పరీక్ష నూనె రాకముందే ఎదురవుతుంది. రెండు బావుల మధ్య ఉన్న ఐదు మీటర్ల ఇసుక చల్లగా, బిగుసుకుని ఉంటుంది. రెండింటిలోనూ ఆవిరిని తిప్పుతూ ఆ ఇసుకను కాచాలి. ఇది దాదాపు మూడు నెలల పని. ఒక్క బ్యారెల్ కూడా అమ్మకుండా మూడు నెలలు ఆవిరి కోసం గ్యాసు మండించడం పై అధికారులకు రుచించదు. నేను చూసిన జతల్లో ఈ దశను కుదించినవి దాదాపు అన్నీ తర్వాత ఇబ్బంది పెట్టాయి. బావి మలుపు తిరిగే చోటును హీల్ అంటాం, చివరను టో అంటాం. తొందరపడితే హీల్ దగ్గర మాత్రమే రెండు బావులకూ సంబంధం కుదురుతుంది. మిగతా ఆరేడు వందల మీటర్ల పొడవూ చల్లగానే ఉండిపోతుంది. ఆవిరి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది కాబట్టి ఆ తర్వాత ఎంత పంపినా హీల్ దగ్గరికే పోతుంది.

రెండో పరీక్ష ప్రతిరోజూ ఉంటుంది. దాని పేరు సబ్‌కూల్. కింది బావి దగ్గరి ఒత్తిడికి నీరు ఎంత ఉష్ణోగ్రత వద్ద మరగాలో లెక్క కడతాం. బావిలోకి వస్తున్న ద్రవం అంతకన్నా ఎన్ని డిగ్రీలు చల్లగా ఉందో చూస్తాం. ఆ తేడాయే సబ్‌కూల్. అది 10, 15 డిగ్రీలు ఉందంటే కింది బావి మీద ద్రవం ఒక మడుగులా నిలిచి, ఆవిరి నేరుగా బావిలోకి రాకుండా కాపలా కాస్తోందని అర్థం. మరీ పెరిగితే మడుగు ఎక్కువై పై బావినే ముంచేస్తుంది, గది ఎదగదు. సున్నాకి దిగితే కాపలా పోయినట్టే.

నా చేతుల మీదుగా ఒక బావుల జత పాడైంది. నాలుగో ఏట ఆ బావి మా ప్యాడ్‌లో (ఒకే చోటి నుంచి తవ్విన బావుల గుంపులో) అన్నిటికన్నా మంచి దిగుబడి ఇస్తోంది. త్రైమాసిక లక్ష్యానికి కొంచెం వెనుకబడి ఉన్నాం. పంపు వేగం పెంచమన్నారు, పెంచాను. సగటు సబ్‌కూల్ ఎనిమిది డిగ్రీలు చూపిస్తుంటే ఫరవాలేదనుకున్నాను. బావి పొడవునా ఉష్ణోగ్రత చెప్పే ఫైబర్ తీగ మీద మీటరు మీటరుకూ వచ్చే కొలతలు తెరిచి చూసి ఉంటే హీల్ నుంచి 90 మీటర్ల దగ్గర అది అప్పటికే సున్నా అయిందని తెలిసేది. అక్కడ ఆవిరి సన్నని ధారగా దూసుకొచ్చి, ఇసుక రేణువులతో కలిసి లైనర్ (ఇసుకను ఆపి ద్రవాన్ని మాత్రం రానిచ్చే సన్నని చీలికల గొట్టం) చీలికలను కోసేసింది. మూడు వారాల్లో పంపులోకి ఇసుక చేరింది, పంపు బిగుసుకుపోయింది. బావి మరమ్మతు చేసే రిగ్ తెచ్చి, పాడైన భాగాన్ని మూసి, లోపల మరో గొట్టం దించడానికి ఐదు నెలలు పట్టింది. ఆ బావి ఆ తర్వాత మునుపటి దిగుబడిలో సగం దాటలేదు. ఆ త్రైమాసికంలో మేం అదనంగా తీసిన నూనె ఆ ఐదు నెలల నష్టంలో పదో వంతు కూడా కాదు. అప్పటి నుంచి సగటు సబ్‌కూల్ ఒక్కటే చూపించి పంపు వేగం పెంచమంటే ఎవరు అడిగినా ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఖర్చు సంగతి. ఈ పద్ధతుల నాణ్యత కొలిచే అంకె ఆవిరి నూనె నిష్పత్తి. ఒక బ్యారెల్ నూనెకు ఎన్ని బ్యారెళ్ల నీటిని ఆవిరిగా మార్చి పంపాం అన్నది ఆ లెక్క. రెండుకీ రెండున్నరకూ మధ్య ఉంటే పొర చాలా మంచిదని అర్థం. మూడు ఫరవాలేదు. నాలుగు దాటితే నాకు నిద్ర పట్టేది కాదు. నిష్పత్తి మూడు ఉన్నప్పుడు మండించే గ్యాసు లెక్క వేస్తే, తీసిన బ్యారెల్‌లోని శక్తిలో దాదాపు ఐదో వంతు తీయడానికే ఖర్చవుతోంది. ఈ అంకెను నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేకపోయాను. దానితోపాటు గాలిలోకి వెళ్లే కార్బన్ డయాక్సైడ్ ఈ పద్ధతికున్న అతి పెద్ద లోపం. దాన్ని దాచి ఈ సమీక్ష రాయడం సరికాదు.

ఆ వేడంతా ఎక్కడికి పోతుంది? ఎక్కువ భాగం నూనెకు కాదు. పొర ఘనపరిమాణంలో మూడింట రెండు వంతులు ఇసుకే. నూనెను వేడి చేయాలంటే దాన్ని పట్టుకున్న ఇసుకను కూడా వేడి చేయాల్సిందే. ఆవిరి గది పైకప్పును తాకాక అక్కడి షేల్ రాయి కూడా వేడి తాగడం మొదలుపెడుతుంది. అందుకే మందం తక్కువ ఉన్న పొరల్లో శాగ్‌డీ నష్టం తెస్తుంది. పది మీటర్ల పొరకైనా ముప్పై మీటర్ల పొరకైనా పైకప్పు విస్తీర్ణం అంతే, నూనె మాత్రం మూడో వంతు. మందంతోపాటు పైన గ్యాసు పొర ఉందా, నీటి పొర ఉందా అన్నది చూడండి. ఉంటే ఆవిరి అటు జారిపోతుంది. మా ప్యాడ్లలో ఒకదానిపై నీటి పొర ఉంది. అక్కడ మేం ఎంత జాగ్రత్తపడ్డా నిష్పత్తి ఐదు దిగలేదు. ఏ యంత్రం మార్చినా, ఏ నిపుణుడిని పిలిచినా పొర స్వభావం మారదు.

ఒత్తిడి ఎంత ఉంచాలన్న ప్రశ్నకు నా జవాబు ఏళ్లు గడిచేకొద్దీ మారింది. మొదట్లో ఎక్కువ ఒత్తిడే మేలనుకునేవాడిని. 4 మెగాపాస్కల్‌ల దగ్గర ఆవిరి 250 డిగ్రీలు ఉంటుంది, నూనె పలచబడి వేగంగా దిగుతుంది. 2 మెగాపాస్కల్‌ల దగ్గర 212 డిగ్రీలే. కానీ ఒత్తిడి పెరిగేకొద్దీ ప్రతి కిలో ఆవిరి ఇచ్చే గుప్తోష్ణం తగ్గుతుంది. 2 దగ్గర సుమారు 1890 కిలోజౌళ్లు, 4 దగ్గర 1714. పైగా ఇసుకను మరో 38 డిగ్రీలు అదనంగా కాచాలి. నూనెను పైకి తోడే, వేడిని తట్టుకునే విద్యుత్ పంపులు వచ్చాక తక్కువ ఒత్తిడితో నడపడం సాధ్యమైంది. దిగుబడి వేగం కొంచెం తగ్గినా నిష్పత్తి మెరుగుపడింది. భద్రత కూడా పెరిగింది. 2006 మేలో ఆల్బర్టాలోని జోస్లిన్ క్రీక్ శాగ్‌డీ ప్రాజెక్టు దగ్గర ఆవిరి పైకప్పు రాతిని చీల్చుకుని నేల మీదికి తన్ని పెద్ద గుంత మిగిల్చింది. తక్కువ లోతున్న పొరలో ఒత్తిడి హద్దు ఎంత ముఖ్యమో ఆ గుంత చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

కొత్తగా చేరేవాళ్లంతా బావుల గురించే అడుగుతారు. నా అనుభవంలో ప్లాంటును ఎక్కువసార్లు ఆపించింది బావులు కాదు, నీరు. నూనెతోపాటు పైకి వచ్చిన నీటినే శుద్ధి చేసి, పదింట తొమ్మిది వంతులకు పైగా మళ్లీ బాయిలర్లకు పంపుతాం. భూమిలోంచి వచ్చే ఆ నీటిలో సిలికా కరిగి ఉంటుంది. సున్నంతో దాన్ని దింపకపోతే బాయిలర్ గొట్టాల లోపల గాజులాంటి పొర కడుతుంది. ఆ పొర కింద ఉక్కు మితిమీరి వేడెక్కి ఉబ్బి పగులుతుంది. ఇక్కడి బాయిలర్లు నీటినంతా ఆవిరి చేయవు. ఐదో వంతు నీటిగానే వదులుతాయి, లవణాలు అందులో కొట్టుకుపోవాలని. విడతల పద్ధతిలో ఆ తడి ఆవిరినే బావికి పంపవచ్చు. శాగ్‌డీలో మాత్రం ఆ నీటిని వేరుచేసి పొడి ఆవిరినే పంపాలి. గదిలో పని చేసేది గుప్తోష్ణమే. ఆవిరితో వెళ్లిన వేడినీరు వెళ్లినట్లే తిరిగి వచ్చేస్తుంది. నీటి విభాగంలో అనుభవమున్న ఆపరేటర్ ఒకరు దొరికితే వదులుకోకండి.

ఆవిరిలో బ్యూటేన్ లాంటి తేలిక ద్రావకం కలిపే ప్రయోగంలో రెండేళ్లు పాల్గొన్నాను. ద్రావకం నూనెను తానుగా పలచబరుస్తుంది కాబట్టి అంత వేడి అక్కర్లేదు. నిష్పత్తి స్పష్టంగా తగ్గింది, ఆ మాట ధైర్యంగా చెప్పగలను. కానీ ద్రావకం నూనెకన్నా ఖరీదు. లోపలికి పంపిన దానిలో ఎంత తిరిగి వస్తుందన్నదే దాని భవిష్యత్తును తేలుస్తుంది. ఈ దారిలో ఇంకా గట్టిగా పనిచేయాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఎందుకంటే గ్యాసు మంట తగ్గించే మార్గాల్లో నేను స్వయంగా పనిచేసి ఫలితం చూసినది ఇదొక్కటే.

మందమైన, శుభ్రమైన ఇసుక, గట్టి పైకప్పు ఉంటే శాగ్‌డీనే ఎంచుకోండి. పొరలో ఉన్న నూనెలో సగానికి పైగా తీయవచ్చు. షేల్ పొరలు దట్టంగా ఉండి, లోతు తగినంత ఉంటే సీఎస్‌ఎస్ ఇప్పటికీ మేలు. రెండూ కాని చోట, అంటే పలచని పొర మీద నీళ్లున్న చోట, ఆవిరి పెట్టకండి.

నేను మొదటి రోజు నుంచీ చూసిన ఒక జతకు నిరుడు ఆవిరి ఆపేశాం. గది ఒత్తిడి పడిపోకుండా మీథేన్ పంపుతున్నాం. ఇన్నేళ్లు ఇసుకలో దాచిన వేడి అంత త్వరగా పోదు. బాయిలర్ వైపు వాల్వు మూసి పద్నాలుగు నెలలైంది. కింది బావి నుంచి ఇప్పటికీ రోజూ నూనె వస్తూనే ఉంది.