నెల్లూరు ఎండల్లో ఆక్సొలాటిల్‌కి ఏ మేత మేలు: వానపామా, బ్లడ్‌వార్మా, పెల్లెటా?

ఎవరో సాకలేక వదిలేస్తే తెచ్చుకున్న ఆక్సొలాటిల్‌కి (బల్లిలా కనిపిస్తూ నీళ్లలోనే బతికే ఉభయచరం) ఏం పెట్టాలని నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పదే పదే అడుగుతున్నారు. బలం మాటకొస్తే వానపాము, మంచి రకం పెల్లెట్ (గుళికల మేత) రెండూ పనికొస్తాయి. మన ఊళ్లలో అసలు చూడాల్సింది వేరే ఉంది. తినకుండా వదిలేసిన మేత నీళ్లను ఎంత త్వరగా పాడుచేస్తుంది?

ఆక్సొలాటిల్ మెక్సికోలోని సొచిమిల్కో చల్లని నీళ్లలో పుట్టిన ప్రాణి. 16 నుంచి 18 డిగ్రీలుంటే హాయిగా ఉంటుంది, 24 దాటితే జబ్బు పడుతుంది. మనకేమో మే నెలలో పగలు 40 దాటుతుంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ మిగిలిన మేత త్వరగా కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. చిక్కిపోయి, మొప్పల కుచ్చులు రాలిపోయి మన చేతికొచ్చిన ప్రాణి దాన్ని తట్టుకోలేదు.

అందుకే నేను వానపామే పెడతాను. నీళ్లలో వేశాక కూడా చాలాసేపు బతికే ఉంటుంది కాబట్టి వెంటనే కుళ్లదు. కదులుతుంటే నీరసంగా పడున్న ఆక్సొలాటిల్ కూడా నోరు తెరుస్తుంది. తినకపోతే పట్టకారుతో తీసేయొచ్చు.

అయితే ఎక్కడి వానపాము అన్నది ముఖ్యం. కోవూరు వైపు వరిచేల గట్ల మీద గాలానికని తవ్వే ఎర్రలు దయచేసి పెట్టకండి. వాటితో పాటు పురుగుమందు కూడా దాని కడుపులోకి పోతుంది. వర్మీకంపోస్ట్ షెడ్డులో అడిగి తెచ్చుకోండి. అక్కడ ఎక్కువగా పెంచేవి రెండు రకాలు. ఐసీనియా ఫెటిడా అనే సన్నటి ఎర్ర రకాన్ని నలిపితే పసుపు ద్రవం కారుతుంది. అది చేదు, చాలా ఆక్సొలాటిల్స్ నోట్లో పెట్టుకుని ఊసేస్తాయి. యూడ్రిలస్ యూజీనియే అనే లావుపాటి ఆఫ్రికా రకం కావాలని అడగండి. మంచినీళ్లలో బాగా కడిగి, పెద్దదైతే ముక్కలు చేసి పెట్టండి. ఎదిగినదానికి రెండు మూడు రోజులకోసారి చాలు. పొట్ట వెడల్పు తల వెడల్పుకి సమానంగా ఉంటే తిండి సరిపోతున్నట్టే. అంతకన్నా సన్నగా ఉంటే కొద్దికొద్దిగా పెంచండి, ఒక్కసారే కుక్కొద్దు.

ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (గడ్డకట్టించి అమ్మే, దోమలాంటి ఈగల ఎర్రటి లార్వాలు) ఆక్సొలాటిల్ పిల్లలకు బాగుంటాయి. ఎదిగినదానికి అవొక్కటే పెడితే చాలవు. పైగా నీళ్లంతా చెదిరి, అడుగున చేరి కుళ్లుతాయి. ఎండాకాలం కరెంటు పోయి ఫ్రిజ్‌లో కరిగిపోయినవాటిని మళ్లీ గడ్డకట్టించి వాడకూడదు.

పెల్లెట్ అయితే మాంసాహార జీవులకు చేసిన, మునిగే రకం తీసుకోండి. వానపాములు దొరకని వారానికి అది పక్కన ఉంటే మంచిది. రొయ్యల మేత మన దగ్గర ఎక్కడైనా దొరుకుతుంది గానీ అది రొయ్య కోసం చేసింది, వద్దు. బతికున్న చిన్న చేపలు జబ్బులు తెస్తాయి, అవీ వద్దు.

ఏ మేత వేసినా తినడం మానేస్తే ముందు నీళ్ల వేడి చూడండి. వేడెక్కి ఉంటే ఐసు కట్టిన సీసాలు ట్యాంకులో తేలేసి మెల్లగా చల్లబరచండి. నీళ్లు చల్లగానే ఉన్నా తినక, పొట్ట ఉబ్బి, పైకి తేలుతుంటే గులకరాయి మింగిందేమో. మేతతో పాటు రాళ్లను కూడా లోపలికి పీల్చేస్తుంది. అప్పుడు మేత మార్చి చూస్తూ కూర్చోకుండా పశువైద్యుడికి చూపించండి, ట్యాంకులో ఉన్న రాళ్లన్నీ ఆ రోజే తీసేయండి.