ఎరువు: సగం ధరకా, కోత కాలంలోనా?

పశ్చిమ కెన్యాలోని బుసియా జిల్లా మొక్కజొన్న రైతుల్లో చాలామందికి ఎరువు వేస్తే లాభమని తెలుసు. కొనాలనే అనుకుంటారు. తీరా అదును వచ్చేసరికి చేతిలో డబ్బుండదు. ఆర్థికవేత్తలు ఎస్తేర్ దుఫ్లో, మైఖేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ అక్కడ రెండు దారులు పోల్చి, 2011లో ఫలితాలు ప్రచురించారు.

ఒకటి, పైరు ఎదిగాక పైపాటుగా ఎరువు వేసే వేళకు ధర సగానికి తగ్గించడం. రెండోది, కోత అయిన వెంటనే, రైతు నాలుగు డబ్బులు కళ్లజూసిన సమయంలో ఇంటికే వెళ్లి కూపన్ అమ్మడం. ధర మొత్తం కట్టాల్సిందే. కాకపోతే ఎరువును తర్వాత ఉచితంగా ఇంటికి తెచ్చిస్తారు. రెండింటి ఫలితం దాదాపు సమానం! ఉచిత రవాణా మహిమా అంటే కాదు, అదే ఆఫర్ ఆలస్యంగా ఇస్తే పెద్దగా పనిచేయలేదు.

నా ఓటు కూపన్‌కే. సబ్సిడీకి ఖర్చెక్కువ, పైగా చవగ్గా దొరికితే ఎడాపెడా చల్లేస్తారు (మన యూరియా సంగతి తెలియనిదా). చేతిలో డబ్బున్నప్పుడు ఆలోచన కూడా కుదురుగా ఉంటుంది: తమిళనాడు చెరకు రైతులపై 2013లో వచ్చిన అధ్యయనంలోనూ, కోతకు ముందు డబ్బు టెన్షన్‌లో ఉన్న రైతులే కోత తర్వాత ఆలోచనా పరీక్షల్లో మెరుగ్గా రాణించారు. కాకపోతే పంట డబ్బంతా కళ్లంలోనే అప్పులవాళ్ల పాలయ్యే రైతుకు కూపన్ అక్కరకు రాదు, సగం ధరైనా భారమే.