చివరి ఏడాది ప్రాజెక్టుకు ఏది మేలు: ఫిజియాలజీనా, బయోమెకానిక్సా?

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చెన్నైకి వచ్చి స్పోర్ట్స్ సైన్స్ చదివే పిల్లలు చివరి ఏడాదికి రాగానే అడిగే మాట ఒక్కటే: "అక్కా, ప్రాజెక్టు ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీలో చెయ్యనా, బయోమెకానిక్స్‌లో చెయ్యనా?" మొదటిది వ్యాయామం చేసేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూసేది, రెండోది ఒంటి కదలికలనూ వాటి వెనకున్న బలాలనూ కొలిచేది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను.

చాలామంది ఇంటర్ గ్రూపును బట్టి తేల్చేసుకుంటారు. బైపీసీ అయితే ఫిజియాలజీ, ఎంపీసీ అయితే బయోమెకానిక్స్. ఈ లెక్క నాకు నచ్చదు. మూడో ఏడాదికి టార్క్, ఇంపల్స్ లాంటి భౌతికశాస్త్ర లెక్కలు బైపీసీ పిల్లలకూ పట్టుబడతాయి, ఫిజియాలజీ తీసుకున్నా గణాంకాలు తప్పవు. నేను చూసేది వేరు. ఊపిరిలోని వాయువులను కొలిచే గ్యాస్ ఎనలైజర్ అయినా, కదలికలను పట్టే త్రీడీ కెమెరాలైనా పీహెచ్‌డీ వాళ్ల పని అయ్యాకే డిగ్రీ పిల్లలకు దొరుకుతాయి. ల్యాబ్ దొరకని రోజున మైదానంలో నిలబడి, చేతిలో ఉన్న వస్తువుతో నమ్మదగిన అంకె తియ్యగలరా? నా దృష్టిలో తేల్చేది ఇదే.

బయోమెకానిక్స్‌కు ఫోను చాలని అందరూ అనుకుంటారు. కొంతవరకు నిజమే. వీడియోలో కదలికలను కొలిచే కినోవియా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నిలువు జంప్ ఎత్తును గాల్లో ఉన్న సమయం నుంచి లెక్కకట్టవచ్చు. అర సెకను గాల్లో ఉంటే సుమారు 31 సెంటీమీటర్లు. అయితే సెకనుకు 30 ఫ్రేములతో వీడియో తీస్తే, ఒక్క ఫ్రేము అటూఇటూ అయినా ఎత్తు 4 సెంటీమీటర్లు మారిపోతుంది. అదే 240 ఫ్రేములతో తీస్తే తేడా అర సెంటీమీటరే. మోకాళ్లు మడిచి దిగితే ఎత్తు లేనిపోనిది పెరుగుతుందని గుర్తుంచుకుంటే, జంప్ మీద మంచి ప్రాజెక్టే అవుతుంది.

చిక్కంతా క్రికెట్‌తో వస్తుంది. వచ్చిన ప్రతి కుర్రాడికీ బౌలింగ్ యాక్షన్ మీదే మనసు. ఐసీసీ నిబంధన ప్రకారం బంతి వేసేటప్పుడు మోచేయి 15 డిగ్రీలకు మించి నిటారు కాకూడదు. ఫోను చూసేది ఒక్క తలాన్నే. బౌలర్ చేయి తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి, మోచేయి సహజంగా పక్కకు వాలి ఉండటం కూడా వీడియోలో వంపులాగే కనిపిస్తుంది. అందుకే ఈ పరీక్షకు చర్మం మీద మార్కర్లు అంటించి, చుట్టూ కెమెరాలు పెడతారు. 2015లో వెస్టిండీస్ స్పిన్నర్ సునీల్ నరైన్ బౌలింగ్‌ను పరీక్షించిన పోరూరు శ్రీరామచంద్ర కేంద్రంలో చేసేది ఆ పనే. ఫోను వీడియోలో డిగ్రీలు కొలిచి ఒక బౌలర్‌ను తప్పుపట్టే ప్రాజెక్టు దయచేసి చెయ్యకండి.

నా మొగ్గు ఫిజియాలజీ వైపు. కారణం చెన్నై ఎండ, అంతకన్నా ఇక్కడి ఉక్క. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే శరీరం నుంచి దాదాపు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆవిరవకుండా కారిపోతుంది, కారిన చెమట ఒంటిని చల్లబరచదు. మెరీనా ఇసుకలో పొద్దున్నే పరుగెత్తే పిల్లలు నీళ్లు ఎంత తాగాలో వాళ్ల కోచ్‌కు ఎవరైనా లెక్కగట్టి చెప్పాలి కదా! దానికి కచ్చితమైన బరువు తూచే మెషిన్ చాలు. 60 కిలోల అమ్మాయి అరలీటరు తాగుతూ గంట పరుగెత్తి, ఒళ్లు తుడుచుకుని తూగితే 58.9 వచ్చిందనుకోండి. పోయిన చెమట 1.6 లీటర్లు. బరువులో రెండు శాతం, అంటే ఆమెకు 1.2 కిలోలు తగ్గితే ఓర్పు మీద దెబ్బ పడటం మొదలవుతుంది. తను గీత దగ్గరికి వచ్చేసింది. దీనికి తోడు గుండె వేగం చూసే బెల్టు, ఎంత కష్టంగా ఉందో 6 నుంచి 20 వరకు అడిగే బోర్గ్ స్కేలు ఉంటే ఇంకా మంచిది. మధ్యలో మూత్రానికి వెళ్లారా అన్నది తప్పక రాసుకోవాలి.

ఫిజియాలజీ కష్టం ఇంకోచోట ఉంది. నిన్నటి నిద్ర, పొద్దున తాగిన కాఫీ, నెలసరి, సెలవుల తర్వాత ఎండకు అలవాటు పడ్డారా లేదా, అన్నీ అంకెల్లోకి దూరతాయి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకే అదే మనుషులు, అదే వేళకు పలుమార్లు రావాలి. అలా వచ్చే జట్టు మీకు లేకపోతే, ఒక్క పూటలో అయిపోయే జంప్ ప్రాజెక్టే మేలు. వేలు గుచ్చి, శ్రమ పెరిగేకొద్దీ రక్తంలో పెరిగే లాక్టేట్ చూడాలనుకుంటే, మనుషుల మీద పరీక్షలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ ప్రశ్నలు పెరుగుతాయి, స్ట్రిప్పుల ఖర్చూ మీదే.

స్పోర్ట్స్ సైకాలజీ, న్యూట్రిషన్ గురించీ కొందరు అడుగుతారు. ప్రశ్నావళి నింపించడం తేలికని మాత్రం వాటిలోకి వెళ్లకండి.

ఫిజియాలజీ ఎంచుకున్నవాళ్లు ఆగస్టుకల్లా అనుమతి తెచ్చుకుని సెప్టెంబరులో కొలతలు ముగించండి. అక్టోబరు రెండో సగం నుంచి ఈశాన్య రుతుపవనాల వానలకు మైదానాలు చెరువులవుతాయి. జంప్ చేయించేవాళ్లకు ఒక హాలుంటే చాలు, ఆ తొందర లేదు.